కప్ప మందు నీటికి కాదు, చేపకి

ఒక హెక్టారు చెరువు, ఒకటిన్నర మీటరు లోతు. అందులో ఉండేది కోటిన్నర లీటర్ల నీరు. ప్రయోగశాలలో ఒక కప్ప పెప్టైడ్, అంటే కప్ప చర్మంలో ఉండి బాక్టీరియాను చంపే పొట్టి ప్రోటీన్ గొలుసు, లీటరుకు 8 మిల్లీగ్రాముల దగ్గర చేపలకు జబ్బు తెచ్చే ఏరోమోనాస్ బాక్టీరియాను ఆపిందనుకుందాం. ఈ రంగంలో అది మంచి అంకే. చెరువు మొత్తానికి ఆ మోతాదు అందాలంటే 120 కిలోల పెప్టైడ్ పోయాలి. ప్రయోగశాలలు దాన్ని కొనేదేమో మిల్లీగ్రాముల్లో. అదే చెరువులో ఐదు టన్నుల చేప ఉండి, కిలో చేపకు 5 మిల్లీగ్రాముల చొప్పున నేరుగా ఒంట్లోకి ఎక్కించగలిగితే సరిపోయేది 25 గ్రాములు.

120 కిలోలు ఒకవైపు, 25 గ్రాములు ఇంకోవైపు. నా వాదనంతా ఈ రెండు అంకెల నుంచే పుట్టింది. చేపల బాక్టీరియా జబ్బులకు కప్ప పెప్టైడ్లు పనికొస్తాయని నేను గట్టిగా నమ్ముతాను. అయితే వీటిని యాంటీబయాటిక్‌కు బదులుగా చెరువులో కలిపే మందులా ఊహించుకుని, ఆ ఊహకు తగ్గట్టు పరీక్షలు చేస్తూ పోవడం వల్లే ఈ పని ముందుకు కదలడం లేదు. మోతాదును నీటికి కట్టకూడదు, చేపకు కట్టాలి. పరీక్ష కూడా ఆ చేప ఒంట్లో, ఆ చేప ఉండే నీటిలో ఏం జరుగుతుందో చెప్పేదై ఉండాలి.

ముందు ఇవి ఏమిటో కాస్త చూద్దాం. 1987లో మైకేల్ జాస్లాఫ్ ఆఫ్రికా గోళ్ల కప్ప, అంటే జెనోపస్ లేవిస్, చర్మం నుంచి మాగైనిన్లను వేరు చేశాడు. శస్త్రచికిత్స చేసి మురికి నీటి తొట్టిలో వదిలిన కప్పల గాయాలు చీము పట్టకుండా మానడం ఆయన్ని ఆలోచనలో పడేసింది. ఆ తర్వాత దక్షిణ అమెరికా చెట్టు కప్పల నుంచి డెర్మాసెప్టిన్లు, ఐరోపా కప్పల నుంచి టెంపోరిన్లు, ఎస్కులెంటిన్లు, ఆసియా గోదురు కప్ప నుంచి బ్యుఫోరిన్ వరసగా బయటపడ్డాయి. మన పొలాల్లో కనబడే పెద్ద కప్ప, హోప్లోబట్రాకస్ టైగరినస్, చర్మంలోని టైగరినిన్లను హైదరాబాద్ సీసీఎంబీ శాస్త్రవేత్తలు 2001లో ప్రకటించారు. వాటి పొడవు 11, 12 అమైనో ఆమ్లాలే.

వీటిలో చాలావాటి పని తీరు ఒకటే. గొలుసులో లైసిన్, ఆర్జినిన్ అనే అమైనో ఆమ్లాలు ఎక్కువగా ఉండడం వల్ల ధన విద్యుదావేశం ఉంటుంది. బాక్టీరియా పైపొర రుణావేశంతో ఉంటుంది కాబట్టి పెప్టైడ్ వెళ్లి దానికి అతుక్కుంటుంది. పొరను తాకగానే సర్పిలంలా చుట్టుకుంటుంది. ఆ సర్పిలానికి ఒక పక్క నీటిని ఇష్టపడేది, ఇంకో పక్క కొవ్వును ఇష్టపడేది. కొవ్వు పక్క పొరలోకి దిగబడుతుంది, తగినన్ని గుమిగూడాక పొరకు చిల్లు పడుతుంది. బ్యుఫోరిన్ మాత్రం పొరను చించకుండా లోపలికి దూరి డీఎన్‌ఏని, ఆర్‌ఎన్‌ఏని పట్టుకుంటుంది. చేప కణాల పైపొరలో కొలెస్ట్రాల్ ఉంటుంది, బయటి వైపు రుణావేశం తక్కువ. అందుకని వాటికి హాని తక్కువ. తక్కువే, లేకపోలేదు. మొప్పల సంగతికి వచ్చినప్పుడు ఇది గుర్తుంచుకోవాలి.

పైన చెప్పినదంతా విద్యుదావేశాల ఆట కాబట్టి, నీటిలో ఇంకేం ధనావేశాలు ఉన్నాయన్నది అన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్న. ఏరోమోనాస్ లాంటి గ్రామ్ నెగటివ్ బాక్టీరియాకు బయట ఇంకో పొర ఉంటుంది, దానిలోని లైపోపాలీసాకరైడ్ (కొవ్వు, చక్కెరలు కలిసిన) అణువులను మెగ్నీషియం, కాల్షియం అయాన్లు కుట్టేసినట్టు పట్టి ఉంచుతాయి. పెప్టైడ్ చేసే మొదటి పని ఆ అయాన్లను తోసేసి వాటి చోట తాను కూర్చోవడం. నీటిలో కాల్షియం ఎక్కువగా ఉంటే తోసేసినవాటి చోటికి కొత్తవి వచ్చి చేరతాయి. పరీక్షల్లో బాక్టీరియాను పెంచడానికి వాడే ప్రామాణిక ముల్లర్ హింటన్ ద్రవంలో లీటరుకు కాల్షియం 20 నుంచి 25, మెగ్నీషియం 10 నుంచి 12.5 మిల్లీగ్రాములు ఉంటాయి. సముద్రపు నీటిలో కాల్షియం 400 మిల్లీగ్రాముల పైమాట, మెగ్నీషియం దాదాపు 1,300. పైగా ఉప్పు. పెప్టైడ్ల పరీక్షల్లో చాలాచోట్ల ఆ కాల్షియం, మెగ్నీషియం సర్దుబాటు కూడా చేయని ద్రవాన్నే వాడతారు. అక్కడ వచ్చిన 8ని పట్టుకెళ్లి సముద్రపు బోనుల్లో పెంచే చేపకు లెక్క కట్టడం కుదరదు.

మంచినీటి చెరువు మెరుగే కానీ, అదీ తేలిక కాదు. మొత్తం కాఠిన్యం 200 (కాల్షియం కార్బొనేట్ లెక్కలో, లీటరుకు మిల్లీగ్రాములు) ఉన్న చెరువులో అదంతా కాల్షియమే అయితే లీటరుకు 80 మిల్లీగ్రాములు, ప్రామాణిక ద్రవానికి మూడింతల పైన. జబ్బు రాగానే చాలామంది మొదట చేసే పని సున్నం చల్లడం. పీహెచ్‌కీ అడుగు మట్టికీ మంచిదే కావచ్చు, పెప్టైడ్‌కు మాత్రం అది ఎదురు మందు. ఇక బంకమట్టి రేణువులు, నాచు, పేడ నుంచి వచ్చే సేంద్రియ పదార్థం, చేప ఒంటి జిగురు, ఇవన్నీ రుణావేశంవే. పోసిన పెప్టైడ్ బాక్టీరియాను వెతుక్కుంటూ వెళ్లదు, ముందు ఎదురైనదానికి అతుక్కుంటుంది. ఆకుపచ్చ నీటి చెరువులో ముందు ఎదురయ్యేది బాక్టీరియా కాదు.

రెండో దారి మేత. యాంటీబయాటిక్‌లు చేపకు ఎక్కువగా ఈ దారిలోనే వెళ్తాయి: ఫ్లోర్‌ఫెనికాల్ అయితే కిలో చేపకు రోజుకు 10 నుంచి 15 మిల్లీగ్రాములు, పది రోజులు. పెప్టైడ్ దగ్గర ఈ లెక్క ఎందుకు పనిచేయదో మాగైనిన్-2 గొలుసును చూస్తే తెలుస్తుంది. 23 అమైనో ఆమ్లాలు, వాటిలో నాలుగు లైసిన్లు. చేప పేగులోని ట్రిప్సిన్ అనే జీర్ణ ఎంజైము కోసేది సరిగ్గా లైసిన్, ఆర్జినిన్ల తర్వాతే. ధనావేశం ఇచ్చే లైసినే కత్తికి గుర్తు కూడా. నాలుగు చోట్లా కోస్తే మిగిలేవి ఐదు ముక్కలు, అన్నిటికంటే పొడవైనదానిలో తొమ్మిది అమైనో ఆమ్లాలు. ఆ ముక్కల్లో ఏదీ పొరకు చిల్లు పెట్టలేదు. బొచ్చె, శీలావతి లాంటి కార్పు జాతి చేపలకు జీర్ణాశయం ఉండదు కాబట్టి ఆమ్లం, పెప్సిన్ బెడద లేదు. కానీ ట్రిప్సిన్, కైమోట్రిప్సిన్ వాటికీ ఉన్నాయి. టైగరినిన్ కొంత నయం: గొలుసులో తొమ్మిది అమైనో ఆమ్లాలు సల్ఫర్ బంధంతో వలయంగా మూసుకుని ఉంటాయి, కోతకు దొరికే చోట్లు తక్కువ.

కోతను తప్పించడానికి రసాయన శాస్త్రజ్ఞుల దగ్గర ఉపాయాలున్నాయి. సహజమైన ఎల్ అమైనో ఆమ్లాల బదులు వాటి అద్దపు రూపాలైన డి అమైనో ఆమ్లాలు వాడొచ్చు. గొలుసు తోకను అమైడ్‌గా మూయొచ్చు. వలయంగా కట్టొచ్చు. డి రూపం ట్రిప్సిన్‌కు లొంగదు, బాక్టీరియాను మాత్రం దాదాపు అంతే బాగా చంపుతుంది. అయితే ఇక్కడొక విషయం సూటిగా చెప్పాలి. పెప్టైడ్ మందుల గురించి రెండు మాటలు తరచూ పక్కపక్కనే వినిపిస్తాయి: చేప కండలో అవశేషం మిగలదు, అమైనో ఆమ్లాలుగా విడిపోతుంది అన్నది ఒకటి, ఎంజైములకు చెక్కుచెదరదు అన్నది ఇంకొకటి. ఒకే అణువు గురించి ఈ రెండూ చెప్పడానికి వీల్లేదు. ఎల్ రూపం విడిపోతుంది, అందుకే పేగులో నిలవదు. డి రూపం నిలుస్తుంది, అందుకే దాని అవశేషం ఎన్ని రోజులుంటుందో ఏ మందుకైనా కొలిచినట్టే కొలవాలి. రెండు మాటలూ ఒకే పేరాలో రాసిన ఉత్పత్తి పత్రాన్ని నేను నమ్మను.

మేత దారికి ఇంకో అడ్డంకి ఉంది, పెప్టైడ్‌తో సంబంధం లేనిది: జబ్బు పడ్డ చేప మేత తినదు. మందు కలిపిన మేత తినేది ఇంకా బాగున్నవే. కాబట్టి మేతలో ఇచ్చేది ఏదైనా ముందు జాగ్రత్తే తప్ప పడిపోయిన చేపకు చికిత్స కాదు. అలా ఇవ్వాలనుకుంటే ఆవిరి పట్టే గుళికల యంత్రంలోకి పోయకుండా, గుళికలు చల్లారాక నూనెతో పైపూతగా పట్టించాలి. పెప్టైడ్ వేడికి కొంత ఓర్చుకున్నా, తడి వేడిలో దాని లైసిన్లు మేతలోని చక్కెరలతో కలిసిపోయి ధనావేశం పోతుంది.

ఏ జబ్బుకు ఏది అన్నది కూడా కలగలిపి మాట్లాడకూడదు. టిలాపియాను చంపే స్ట్రెప్టోకాకస్ అగలాక్టియే గ్రామ్ పాజిటివ్, అంటే ఆ బయటి పొర లేనిది. టెంపోరిన్లకు ఆ వైపే బలం ఎక్కువ, కాబట్టి అక్కడ మొదలుపెట్టడం సబబు. ఒళ్లంతా ఎర్ర మచ్చలు, పొట్ట ఉబ్బు, మలద్వారం ఎర్రబారడం లాంటి లక్షణాలతో వచ్చే ఏరోమోనాస్ హైడ్రోఫిలా సంగతి వేరు. కప్పల్లో ఎర్రకాళ్ల జబ్బుకు కారణమని పేరుపడింది కూడా ఇదే బాక్టీరియా. అంటే కప్ప చర్మపు పెప్టైడ్లతో దీనికి పాత పరిచయం ఉంది. ఇది బయటకు వదిలే ప్రోటియేజులు, అంటే ప్రోటీన్లను కోసే ఎంజైములు, పెప్టైడ్లను నమిలేస్తాయి. పరీక్షలో కడిగిన తాజా కణాలనే వాడితే ఆ ప్రోటియేజులు ఉండవు, ఫలితం బాగా కనిపిస్తుంది. రాత్రంతా పెరిగిన ద్రవాన్ని వడకట్టి ఆ వడపోతను కూడా కలిపి చూస్తే అసలు బలం తెలుస్తుంది.

చేపలకు జబ్బు తెచ్చే ఇంకో బాక్టీరియా ఎడ్వర్డ్‌సియెల్లా పుట్టుకతోనే కొలిస్టిన్ అనే యాంటీబయాటిక్‌కు లొంగదు. మొప్పల కుళ్లు తెచ్చే ఫ్లావోబాక్టీరియం కాలమ్నేర్‌ను వేరు చేయడానికి ప్రయోగశాలల్లో దాన్ని పెంచే మాధ్యమంలో పాలిమిక్సిన్ కలుపుతారు, మిగతా బాక్టీరియా చచ్చి ఇది మిగులుతుందని. కొలిస్టిన్, పాలిమిక్సిన్ కూడా ధనావేశపు పెప్టైడ్లే. వాటికి లొంగనిది కప్ప పెప్టైడ్లన్నిటికీ లొంగదని చెప్పలేం. అయినా ఈ రెండు జబ్బులకు పెప్టైడ్ ఎంచుకునేవారు ఏరోమోనాస్ మీద వచ్చిన అంకెను అరువు తెచ్చుకోకూడదు.

ఇప్పుడు పరీక్ష గురించి. ఎక్కువ తప్పులు జరిగేది ఇక్కడే, అందుకే కాస్త నిదానంగా చెప్తాను.

కొన్న పెప్టైడ్ సీసా మీద 10 మిల్లీగ్రాములు అని ఉంటుంది. అందులో పెప్టైడ్ ఏడో ఎనిమిదో ఉండొచ్చు. మిగతాది తేమ, ట్రైఫ్లోరోఅసిటేట్ ఉప్పు. నికర పెప్టైడ్ శాతం ఎంతో అమ్మినవారిని అడిగి, దాన్ని బట్టి లెక్క సరిచేయాలి. ఆ ట్రైఫ్లోరోఅసిటేట్ కణాలకు హాని చేస్తుంది కాబట్టి, చేప మీద వాడబోయేదాన్ని అసిటేట్ ఉప్పుగా మార్చి ఇవ్వమని ముందే చెప్పాలి. ఫ్రీజర్ నుంచి తీసిన సీసాను గది వేడికి వచ్చేదాకా తెరవకూడదు, తెరిస్తే పొడి చెమ్మ పీల్చుకుని ముద్ద కడుతుంది. 0.01 శాతం ఎసిటిక్ ఆమ్లంలో కరిగించి, చిన్న చిన్న వాటాలుగా మైనస్ 20 దగ్గర దాచాలి. గొట్టాలు, పళ్లేలు పాలీప్రొపిలీన్‌వే కావాలి. మామూలుగా వాడే పాలీస్టైరీన్ గోడలకు పెప్టైడ్ అతుక్కుపోతుంది, తక్కువ మోతాదుల దగ్గర మరీను. పలచన చేసే ద్రవంలో 0.2 శాతం బోవైన్ సీరం ఆల్బుమిన్ కలిపితే ఈ నష్టం తగ్గుతుంది.

బాక్టీరియాను అప్పుడే చనిపోయిన లేదా చావుబతుకుల్లో ఉన్న చేప మూత్రపిండం నుంచి తీయాలి. పైపుండు మీద నుంచి తీస్తే నీటిలో ఉన్నవన్నీ వచ్చి పడతాయి. 28 డిగ్రీల దగ్గర పెంచి, మిల్లీలీటరుకు 5 లక్షల కణాల చొప్పున వేసి, పెప్టైడ్‌ను మిల్లీలీటరుకు 64 మైక్రోగ్రాముల (లీటరుకు 64 మిల్లీగ్రాములన్నా ఇదే) నుంచి సగం సగం చేస్తూ 0.5 దాకా దించాలి. ఇంతవరకు అందరూ చేసేదే. నేను పట్టుబట్టేది దీని తర్వాతి మెట్టు. అదే వరసను ఇంకో రెండు ద్రవాల్లోనూ పెట్టాలి. ఒకటి, 0.2 మైక్రాన్ వడపోత పట్టిన ఆ చెరువు నీరు. రెండోది, అదే జాతి చేప సీరం, అంటే రక్తం గడ్డకట్టాక తేరే తేట, 25 శాతం కలిపిన ద్రవం. సీరంలో స్వతహాగా బాక్టీరియాను చంపే గుణం ఉంటుంది కనుక ముందు దాన్ని వేడితో నిర్వీర్యం చేసి, పెప్టైడ్ లేని సీరం గొట్టాన్ని కూడా పక్కన ఉంచాలి. చెరువు నీటిలో బాక్టీరియా పెరగదు కాబట్టి అక్కడ ఎంత చచ్చిందో లెక్కపెట్టాలి: 0, 10, 30, 60 నిమిషాలకు కొంచెం తీసి, పలచన చేసి, పళ్లెం మీద పరిచి మర్నాడు కాలనీలు ఎంచాలి. ప్రామాణిక ద్రవంలో 4, చెరువు నీటిలో 64 దాటినా చావలేదు అని తేలితే, నీటిలో కలిపే ఆలోచనను ఆ రోజే వదిలేయొచ్చు. నెలల పని మిగులుతుంది.

విషగుణం చూడడానికి చాలామంది మనిషి రక్తమో గొర్రె రక్తమో వాడతారు. చేపకిచ్చే మందుకు చేప రక్తమే వాడాలి. తోక సిర నుంచి, గడ్డకట్టకుండా హెపారిన్‌తో, రక్తం తీసి, మూడుసార్లు కడిగి, 2 శాతం కణాలతో గంటసేపు పెప్టైడ్‌తో ఉంచి, పగిలిన కణాల నుంచి తేట ద్రవంలోకి దిగిన ఎరుపును 540 నానోమీటర్ల కాంతి దగ్గర చదవాలి. పూర్తి విచ్ఛిన్నానికి గుర్తుగా ఒక గొట్టంలో కణాలన్నిటినీ పగలగొట్టే ట్రైటాన్ అనే డిటర్జెంట్ వేస్తారు. ఇక్కడ చేప రక్తంతో ఒక చిక్కు వస్తుంది: దాని ఎర్ర కణాలకు కేంద్రకం ఉంటుంది. కణం పగలగానే డీఎన్‌ఏ బయటికి వచ్చి ద్రవం చీమిడిలా సాగుతుంది, పిపెట్‌కు తీగలా వేలాడుతుంది. అలాగే చదివితే అంకె తప్పు. ఇంకాసేపు సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి, ఆ జిగురు ముద్దను కదపకుండా పైన తేరుకున్నది మాత్రమే తీయాలి.

తయారీ భారం గురించి కొంచెం. అమైనో ఆమ్లాలను ఒక్కొక్కటే గుచ్చుతూ పోయే పద్ధతిలో 23 ఉన్న గొలుసుకు 22 అతుకులు. ఒక్కో అతుకు 99 శాతం కుదిరితే చివరికి చేతికొచ్చేది 80 శాతం. 98 అయితే 64కి పడిపోతుంది. అందుకే పొట్టి గొలుసుల మీద నాకు ఆశ ఎక్కువ. ఈస్టులోనో బాక్టీరియాలోనో పండించడం ఇంకో దారి. అయితే పెప్టైడ్ తనను పండించే బాక్టీరియానే చంపకుండా పెద్ద ప్రోటీన్‌కు తగిలించి పండించాలి. ఆ ప్రోటీన్ పెప్టైడ్‌కు ఐదింతలు ఉంటే పండినదానిలో ఆరింట ఐదొంతులు పారేసేదే. పైగా తోకకు అమైడ్ కట్టే ఎంజైము మామూలు బాక్టీరియాకు లేదు.

ఇదంతా కష్టమని కప్పలనే పట్టి, చర్మం రుబ్బి నీళ్లలో కలుపుదామన్న మాట అక్కడక్కడా వినబడుతుంది. దయచేసి ఆ పని చేయొద్దు. కప్ప చర్మంతో కప్పలను చంపే చైట్రిడ్ శిలీంధ్రం, చేపలకూ సోకగల రానావైరస్ వస్తాయి. గోదురు కప్ప చర్మంలో గుండెను ఆపగల బ్యుఫాడయనోలైడ్లు ఉంటాయి. పెప్టైడ్‌లోని అమైనో ఆమ్లాల వరస ఒకసారి తెలిశాక ఒక్క కప్పతోనూ పని లేదు.

నిరోధకత విషయంలో కూడా దాపరికం లేకుండా మాట్లాడుకోవాలి. పొరనే దెబ్బతీస్తుంది కాబట్టి బాక్టీరియా దీనికి అలవాటు పడలేదు అన్నది చాలాకాలం చెప్పుకున్న మాట. మాగైనిన్‌ను మార్చి చేసిన పెక్సిగనాన్‌ను కొద్దికొద్దిగా పెంచుతూ ఇ. కోలై, సూడోమోనాస్ ఫ్లోరెసెన్స్ వంశాలను 600 నుంచి 700 తరాలు పెంచితే, 24 వంశాల్లో 22 తట్టుకోవడం నేర్చాయి. 2006లో ఆ ఫలితాన్ని ప్రచురించినవారిలో గ్రాహం బెల్‌తో పాటు జాస్లాఫ్ కూడా ఉన్నాడు. తాను కనిపెట్టినదాని మీద అలాంటి పరీక్షకు ఒప్పుకున్నందుకు ఆయన మీద నాకు గౌరవం. ఇక ఎంసీఆర్-1 అనే కొలిస్టిన్ నిరోధక జన్యువు 2015లో బయటపడింది. అది ఉన్న బాక్టీరియా జంతువుల సొంత రక్షణ పెప్టైడ్లను కూడా మెరుగ్గా తట్టుకుంటుందని 2023లో తేలింది. చేపకూ సొంత పెప్టైడ్లు ఉన్నాయి, పిస్సిడిన్లు, హెప్సిడిన్లు, కాథెలిసిడిన్లు. చాలీచాలని మోతాదులో కప్ప పెప్టైడ్‌ను నెలల తరబడి చెరువులో పోస్తే, లేదా రోజూ మేతలో కొంచెం కొంచెం ఇస్తే, బాక్టీరియా నేర్చుకునేది చేప సొంత కవచాన్ని దాటడం కూడా కావచ్చు. నీటిలో పోయొద్దనడానికి ఖర్చుకంటే నాకు ఇదే పెద్ద కారణం.

మరి ఎక్కడ వాడాలి? ఒంట్లోకి నేరుగా వెళ్తే పెప్టైడ్ పనిచేస్తుందనడానికి మంచి రుజువు 2000లో వచ్చింది. అది కప్ప పెప్టైడ్ కాదు, ఫ్లౌండర్ చేప నుంచి వచ్చిన ప్లూరోసిడిన్. కోహో సాల్మన్ పిల్లల పొట్టలో చిన్న పంపు అమర్చి రోజుకు 250 మైక్రోగ్రాములు ఆగకుండా ఇచ్చి, విబ్రియో అంగ్విల్లారమ్ బాక్టీరియాను సోకించారు. మందు లేని గుంపుల్లో 67 నుంచి 75 శాతం చస్తే మందు అందిన గుంపులో 5 శాతమే చచ్చాయి. రైతు ప్రతి చేపకూ పంపు పెట్టలేడు. కానీ ఒకసారి ఇంజెక్షన్ ఇస్తే రోజుల తరబడి ఊరుతూ ఉండే నూనె మందో, జెల్లో చేయడం మీద శ్రమ పెట్టాలని ఆ ప్రయోగం చెబుతోంది.

అందుకు తగిన చోటు తల్లి చేపలు. సంఖ్య తక్కువ, ఒక్కొక్కటి విలువైనది, గుడ్లు పెట్టించడానికి హార్మోన్ ఇంజెక్షన్ కోసం ఎలాగూ పట్టుకుంటారు. వల లాగినప్పుడు పొలుసు ఊడి, ఒరిపిడి పడి ఏరోమోనాస్ దూరేది కూడా అప్పుడే. నాలుగు కిలోల తల్లి చేపకు కిలోకు 5 మిల్లీగ్రాముల చొప్పున 20 మిల్లీగ్రాములు. వంద చేపలకు కలిపి 2 గ్రాములు. ఈ 5 నేను లెక్క కోసం పెట్టుకున్నదే, అసలు మోతాదును పైన చెప్పిన సీరం పరీక్షే తేల్చాలి. హార్మోన్‌తో ఒకే సిరంజిలో కలపకూడదు, వేరే చోట వేరే సూదితో ఇవ్వాలి. ప్రయోగంలో వాడిన చేప తిండికి పోకూడదు.

రెండో చోటు హేచరీ తొట్టి. చేప పిల్లలను ఉంచే 50 లీటర్ల మందు స్నానానికి లీటరుకు 8 చొప్పున 400 మిల్లీగ్రాములు చాలు. ఇక్కడ నీరు మన చేతిలో ఉంటుంది: కాఠిన్యం 50 లోపు ఉన్న మెత్తటి నీరు, వడకట్టినది, సున్నం తగలనిది. పిల్లలకు ముందు రోజు మేత ఆపాలి, లేకపోతే మలం, జిగురు కలిసి పెప్టైడ్‌ను మింగేస్తాయి. నీటి పారుదల ఆపి, గాలి గొట్టం ఉంచి, ముందు ఐదారు పిల్లలతో అరగంట చూడాలి. కళ్లు మొప్పల మీదే ఉండాలి: మొప్ప రెక్క కొట్టుకోవడం జోరు పెరిగినా, పిల్లలు గాలి గొట్టం దగ్గరికి చేరినా, నీటి మీద నురగ కట్టినా వెంటనే మంచి నీటిలోకి మార్చాలి. మొప్ప పొర ఒకటి రెండు కణాల మందమే ఉంటుంది. బాక్టీరియా పొరను చించే అణువు, మోతాదు మించితే దాన్నీ వదలదు. ఆ గుంపు ఒక రోజు గడిచాక కూడా మామూలుగా ఈదుతుంటేనే మిగతావాటికి. వాడిన నీటిని మాత్రం చెరువు కాలువలోకి వదలకుండా, మట్టి నింపిన గుంటలో పోసి ఇంకనివ్వాలి.